మాలగకి వెళ్ళేముందు ఇంగ్లీషుని పక్కన పెట్టండి

స్పెయిన్ వెళ్ళి స్పానిష్ నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్ళు ముందుగా చేసే పని, ఇంగ్లీషులో స్పానిష్ నేర్పే యాప్ ఒకటి ఫోన్లో వేసుకోవడం. తప్పు అక్కడే మొదలవుతుందని నా వాదన. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళడానికి హైదరాబాద్ మీదుగా టికెట్ తీసుకున్నట్టు ఉంటుంది ఆ ప్రయాణం. చేరడం చేరతాం. కానీ డబ్బూ టైమూ పోవడమే కాకుండా, దారిలో ఎక్కించుకున్న ఇంగ్లీషు అలవాట్లను దించుకోవడానికి మళ్ళీ అంత కష్టమూ పడాలి.

ఒక్క కాఫీ సంగతే చూడండి. స్పెయిన్‌లో కౌంటర్ దగ్గర నిలబడి, ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడు "పుయేదొ తెనేర్ ఉన్ కఫే?" అంటాడు. మాటకు మాట తీస్తే "నేను ఒక కాఫీ కలిగి ఉండవచ్చా?" అని. అవతలివాళ్ళకి అర్థమవుతుంది, కాఫీ కూడా వస్తుంది. కానీ అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు మామూలుగా అలా అడగరు. వాళ్ళు అనేది "మె పోనె ఉన్ కఫే?" అని. "మె" అంటే నాకు, "పోనె" అంటే పెడతారు. "నాకో కాఫీ పెడతారా?" అంతే! తయారుచేసి ఇవ్వడాన్నీ, వడ్డించడాన్నీ "పెట్టడం" అనే భాష మనది కూడా. అన్నం పెడతాం, కాఫీ పెడతాం, పచ్చడి పెడతాం. ఈ వాక్యం తెలుగువాడికి నేర్పక్కర్లేదు, గుర్తు చేస్తే చాలు. ఇంగ్లీషు అడ్డం రావడం వల్లే మరిచిపోతున్నాం.

ఇలాంటివి ఒకటీ రెండూ కావు. వాటిలోకి వెళ్ళేముందు, ఊరి సంగతి.

మధ్యధరా సముద్రతీరంలో విశ్వవిద్యాలయం ఉన్న పెద్ద ఊళ్ళు స్పెయిన్‌లో చాలా ఉన్నాయి. బార్సిలోనా, వాలెన్సియా, అలికాంతే, మాలగ. స్పానిష్ కోసమే వెళ్ళేవాళ్ళకి నేను మాలగ అనే చెబుతాను. బార్సిలోనాలో కాతలాన్, వాలెన్సియాలో వాలెన్సియన్, స్పానిష్‌తో పాటు అధికార భాషలు. బోర్డులూ, బడులూ, ఆఫీసు కాగితాలూ రెండు భాషల్లో నడుస్తాయి. అది ఆ ఊళ్ళ గొప్పతనమే. తన భాషని కాపాడుకునే ఊరంటే తెలుగువాడికి గౌరవం ఉండాలి కూడా. కానీ ఆరు నెలలకి వెళ్ళిన విద్యార్థికి, తరగతిలో నేర్చుకున్నది బయట బోర్డు మీద వేరేగా కనిపిస్తే బుర్ర తిరుగుతుంది. అలికాంతే నగర వీధుల్లో వినిపించేది ఎక్కువగా స్పానిషే అయినా, విశ్వవిద్యాలయం ఊరి బయట సాన్ వీసెంతే దగ్గర ఉంటుంది. సముద్రం చూడాలంటే ట్రామెక్కాలి.

మాలగ దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా ప్రాంతంలో ఉంది. అక్కడ ఇల్లూ, బజారూ, బస్సూ, ఆఫీసూ అన్నీ స్పానిషే. మాలగ విశ్వవిద్యాలయం 1972లో ఏర్పడింది. దాని ప్రధాన ప్రాంగణం ఊరికి పడమటి వైపు తెయతీనొస్‌లో ఉంటే, విదేశీయులకు స్పానిష్ నేర్పే కేంద్రం మాత్రం తూర్పు కొసన ఎల్ పాలొ అనే పేటలో ఉంది. ఎల్ పాలొ ఒకప్పటి జాలరిపేట. ఇసుకని ఆనుకుని పొట్టి పొట్టి ఇళ్ళు, ఒడ్డున ఇసుక నింపిన పాత పడవలు, వాటిలో కట్టెల నిప్పు రాజేసి పుల్లలకి గుచ్చి కాల్చే సార్డీన్ చేపలు. ఆ పుల్లని "ఎస్పేతొ" అంటారు. రెండు కొసల్నీ కలిపేది 11వ నంబరు సిటీ బస్సు. ఈ బస్సుని గుర్తుపెట్టుకోండి, పనుంది.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. ముందు నోరు.

స్పానిష్ "త", "ద" పళ్ళకి నాలుక ఆనించి పలికేవి. అంటే మన త, ద. ఇంగ్లీషువాళ్ళు వాటిని తమ ట, డ లాగా పలికి నెలల తరబడి దిద్దించుకుంటారు. మనకి ఆ బాధ లేదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్న తెలుగువాడు మాత్రం "టూ" అని మొదలుపెడతాడు, "తూ" అనాల్సిన చోట. చేతిలో ఉన్నది వదులుకోవడం అంటే ఇదే. అలాగే క, ప, త పలికేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఊపిరి కలిపి దాదాపు ఖ, ఫ అంటారు. స్పానిష్‌లో ఊపిరి ఉండదు. మన క, ప సరిగ్గా సరిపోతాయి.

రకారం దగ్గర ప్రపంచమంతా తడబడుతుంది. "పేరొ" అంటే కానీ, "పెర్రొ" అంటే కుక్క. "కారొ" అంటే ఖరీదైనది, "కర్రొ" అంటే బండి. ఒంటి రకారానికీ జంట రకారానికీ తేడా మన చెవికి పుట్టుకతో వచ్చింది. కర, కర్ర వేరని ఎవరూ చెప్పక్కర్లేదు. గొర్రె, బర్రె, బుర్ర అని నాలుక ఆడించగలిగినవాడు "గొర్ర" (టోపీ), "బుర్రొ" (గాడిద) అనలేడా? చిక్కల్లా ఒక్కచోట. మాట మొదట్లో రకారం వచ్చినా, న, ల, స తర్వాత వచ్చినా అక్కడ కూడా జంట రకారమే పలకాలి, రాతలో ఒక్కటే కనిపించినా సరే. "రోస" కాదు, "ర్రోస". "ఎన్రీకె" కాదు, "ఎన్‌ర్రీకె". తెలుగులో మాట మొదట ర్ర రాదు కాబట్టి నాలుక మొరాయిస్తుంది. "గొర్రె" అని మొదలుపెట్టి "గొ"ని మింగేసి "ర్రె" ఒక్కటే పలకడం రోజుకి ఐదు నిమిషాలు చేస్తే దారిలో పడుతుంది.

స్వరాలు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. పొడుగూ పొట్టీ తేడా లేదు, కానీ ఊనిక ఉంది, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. ఊనిక మారితే అర్థం మారిపోతుంది. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మనకి అది వినపడదు. ఇక్కడే మన లిపి ఆదుకుంటుంది. హ్రస్వ దీర్ఘాలు ఎ ఏ, ఒ ఓ సహా అన్నింటికీ మనకి వేరే అక్షరాలున్నాయి. ఊనిక పడే చోట దీర్ఘం, మిగతా చోట్ల హ్రస్వం రాసుకోండి. "ఆబ్లొ" అంటే మాట్లాడతాను. "అబ్లో" అంటే అతను మాట్లాడాడు. "తేర్మినొ" అంటే పదం, గడువు. "తెర్మీనొ" అంటే ముగిస్తాను. "తెర్మినో" అంటే ముగించాడు. రోమన్ లిపిలో నెత్తిన పెట్టే చిన్న గీత ఒక్కటే తేడా, దాన్ని కన్ను దాటేస్తుంది. తెలుగులో రాస్తే దాటదు. ఈ వ్యాసంలో ఊరి పేరు "మలగా" అని కాకుండా "మాలగ" అని రాయడం అందుకే.

అయితే ఇది మొదటి నెల ఊతకర్ర మాత్రమే. ఆ తర్వాత స్పానిష్ రాతనే నేరుగా చదవాలి. దాని సూత్రం చిన్నది. మాట స్వరంతో గానీ, న్‌తో గానీ, స్‌తో గానీ ముగిస్తే ఊనిక చివరినుంచి రెండో అక్షరం మీద. వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ రెండింటికీ లొంగని మాటకి గీత పెట్టి చూపిస్తారు. ఇంతే. గీత పెట్టడం మానేస్తే అది అందం తగ్గడం కాదు, తప్పు రాయడం.

మనవాళ్ళు చేసే పొరపాట్లూ చెప్పాలి. మనం "ఎవరు"ని యెవరు అనీ, "ఒకటి"ని వొకటి అనీ పలుకుతాం. ఆ అలవాటు స్పానిష్‌లోకి వస్తే "ఎస్తె" కాస్తా "యెస్తె", "ఓల" కాస్తా "వోల" అవుతుంది. రెండోది, మాడ్రిడ్ వైపు "సేత" అనే అక్షరాన్ని నాలుక కొస పళ్ళమధ్య పెట్టి ఊదుతారు. మనం దానికి మన థ వాడతాం. అది వాళ్ళ చెవికి తకారంలా తగులుతుంది. "గ్రాసియస్" అనండి చాలు. లాటిన్ అమెరికా అంతా అలాగే అంటుంది, మాలగలో కూడా చాలామంది అలాగే అంటారు. మూడోది, బ, వ అక్షరాలు రాతలో రెండు, పలుకులో ఒకటే. మాట మొదట బ, స్వరాల మధ్య మన వకారానికి దగ్గరైన మెత్తటి శబ్దం. "వీనొ" అని రాసి ఉన్నా "బీనొ" అనాలి.

వ్యాకరణంలో అసలు నిధి ఉంది. స్పానిష్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్ళని ఏళ్ళ తరబడి ఏడిపించేవి రెండు క్రియలు: "సేర్", "ఎస్తార్". రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే మాట. వాళ్ళ పుస్తకాలు "శాశ్వతమైతే ఇది, తాత్కాలికమైతే అది" అని చెబుతాయి. ఆ సూత్రం సగం చోట్ల కూలిపోతుంది. చనిపోవడం శాశ్వతమే కదా, దానికి "ఎస్తార్" వాడతారు! తెలుగులో చూడండి. "ఆయన మా అన్నయ్య", "నేను డాక్టర్ని", "ఇది బల్ల". ఇక్కడ క్రియే లేదు. మనకి క్రియ లేని చోట వాళ్ళకి "సేర్". "అన్నయ్య ఇంట్లో ఉన్నాడు", "కాఫీ చల్లగా ఉంది", "అలిసిపోయి ఉన్నాను", "చనిపోయి ఉన్నాడు". మనం "ఉన్న" చోట వాళ్ళకి "ఎస్తార్". గుణాలు చెప్పేటప్పుడు ఇంకో మెలిక: "కాఫీ చల్లగా ఉంది" అంటే ఎస్తార్, "మంచు చల్లగా ఉంటుంది" అంటే సేర్. ఉంది, ఉంటుంది అనే ఆ తేడా మనం పుట్టిన దగ్గర్నుంచీ పాటిస్తున్నదే. చివరికి వాళ్ళ పుస్తకాలు ప్రత్యేకంగా మినహాయింపు అని రాసే చోట కూడా తెలుగు పలుకుతుంది. వస్తువు ఎక్కడుందో చెప్పడానికి ఎస్తార్, కానీ వేడుక ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి సేర్. "అమ్మాయి తిరుపతిలో ఉంది." కానీ "పెళ్ళి తిరుపతిలో." క్రియ లేదు చూశారా?

ఇక్కడ ఒక హెచ్చరిక. మన "ఉంది" మీద పూర్తిగా ఆనుకుంటే ఒకచోట పడతాం. "పుస్తకం బల్ల మీద ఉంది" అంటే ఎస్తార్. "బల్ల మీద పుస్తకం ఉంది" అంటే "ఆయ్" అనే వేరే మాట. తెలిసిన వస్తువు ఎక్కడుందో చెబితే మొదటిది, ఒక వస్తువు ఉన్న సంగతే కొత్తగా చెబితే రెండోది. మనం మాటల వరస మార్చి చేసే పనిని వాళ్ళు క్రియ మార్చి చేస్తారు.

"నాకు కాఫీ ఇష్టం" అన్నది "మె గూస్త ఎల్ కఫే". నాకు అన్నది నాకుగానే ఉంది. ఇంగ్లీషులో ఇష్టపడేవాడే కర్త. అందుకని వాళ్ళకి స్పానిష్ తలకిందులుగా కనిపిస్తుంది, మనకి మామూలుగా. "నాకు తల నొస్తోంది" అన్నది "మె ద్వేలె ల కవేస". తల అనే అన్నారు, నా తల అనలేదు. "చేతులు కడుక్కున్నాను" అన్నది "మె లవే లస్ మానొస్". వాళ్ళ "మె, తె, సె" అనే చిన్న ముక్కలు చేసే పనిలో పెద్ద భాగం మన "కొను" చేస్తుంది. కడగడం వేరు, కడుక్కోవడం వేరు. జుట్టు కత్తిరించడం వేరు, కత్తిరించుకోవడం వేరు.

"తిన్నాను", "తినేవాణ్ణి". ఈ రెండు భూతకాలాల తేడా స్పానిష్‌లో "కొమీ", "కొమీయ". ఎప్పుడో ఒకసారి జరిగి ముగిసిపోయినది మొదటిది, అప్పట్లో అలవాటుగా జరుగుతూ ఉండేది రెండోది. "చిన్నప్పుడు వీధిలో ఆడుకునేవాళ్ళం" అని తెలుగులో అనుకుని రాస్తే "హుగావమొస్" దానంతటదే వస్తుంది.

అన్నిటికన్నా నాకు ముచ్చట గొలిపేది ఇంకొకటి. "మరియాని వెతుకుతున్నాను" అంటాం. "తాళంచెవి వెతుకుతున్నాను" అంటాం. మనిషైతే "ని" తప్పదు, వస్తువైతే అక్కర్లేదు. స్పానిష్‌లో "బూస్కొ అ మరీయ", "బూస్కొ ల యావె". మనిషి ముందు "అ" తప్పదు, వస్తువు ముందు ఉండదు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఈ "అ"ని వదిలేస్తారు, ఎందుకంటే అటువైపు దానికి జత లేదు. సముద్రాల అవతలి భాష మన విభక్తి ఆలోచనని ఇంత దగ్గరగా పంచుకుంటుంటే, ఆ సంగతి మనకి ఒక్క పాఠ్యపుస్తకమూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

తెలుగు సాయపడని చోట్లు ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకోవాలి. లింగం మొదటిది. మనకి మగవాళ్ళు ఒక వైపు, మిగతా అంతా ఒక వైపు. "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది." స్పానిష్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంది, విశేషణం దాన్ని బట్టి మారుతుంది. హిందీలో మనం పడే తిప్పలే ఇక్కడా. మందు ఒకటే: మాటని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోవద్దు. "మానొ" అని కాదు "ల మానొ", "ప్రొవ్లేమ" అని కాదు "ఎల్ ప్రొవ్లేమ" అని ఇంటిపేరుతో సహా రాసుకోండి. రెండోది, ఆకలి, దాహం, చలి. "నాకు ఆకలిగా ఉంది"ని నమ్ముకుని "మె" పెట్టేస్తాం. అక్కడ "తేంగొ ఆంవ్రె", అంటే ఆకలి కలిగి ఉన్నాను. ఉక్కపోస్తుంటే "తేంగొ కలోర్". ఇంగ్లీషుని అనుసరించి "ఎస్తోయ్ కల్యేంతె" అంటే మాత్రం కామంతో ఉన్నానని అర్థం వస్తుంది, జాగ్రత్త. మూడోది సంశయార్థకం, అంటే కోరికా అనుమానమూ చెప్పే క్రియారూపం. "నువ్వు రావాలని కోరుకుంటున్నాను" అన్నది "క్యేరొ కె వేంగస్". ఇక్కడ మన "ఆలి" దారి చూపిస్తుంది. కానీ "నువ్వు వస్తావని అనుకోను" అన్నచోట కూడా వాళ్ళకి ఆ రూపమే కావాలి, మనకి అలాంటి గుర్తు లేదు. ఇవి వాక్యాలుగా కంఠస్థం చేయాల్సిందే.

మాటల విషయంలో కూడా మనం పూర్తిగా ఖాళీ చేతులతో వెళ్ళడం లేదు. పోర్చుగీసువాళ్ళు తీరానికి తెచ్చిన మాటలు తెలుగులో నిలిచిపోయాయి. స్పానిష్ పోర్చుగీసుకి తోబుట్టువు. మన తువాలు అక్కడ "తొవాయ", బొత్తాం "బొతోన్", మేస్త్రి "మయేస్త్రొ", పాదిరి "పాద్రె", అల్మారా "అర్మారియొ".

మాలగ యాస గురించి బెదిరించేవాళ్ళు ఉంటారు. ఆందలూసియా వాళ్ళు అక్షరాలు మింగేస్తారు, అక్కడ నేర్చుకుంటే చెడిపోతావు అంటారు. ఇది పూర్తిగా తప్పు. తరగతిలో చెప్పేది ప్రామాణిక స్పానిషే. వీధిలో మాత్రం అక్షరం చివరి సకారం ఊపిరిగా మారిపోతుంది. "మాస్" అన్నది "మాః". "ఎస్తాస్" అన్నది "ఎఃతా". "లొస్ నీన్యొస్" అన్నది "లొః నీన్యొ". ఈ విసర్గ మనకి కొత్తా? మనస్సు లోని సకారం మనఃశాంతిలో ఏమైంది? తపస్సు తపఃఫలంలో ఏమైంది? సంస్కృతంలో ఎప్పుడో జరిగిన మార్పు మాలగ బస్సుల్లో ఇవాళ జరుగుతోంది. విసర్గ రాయడం వచ్చినవాడు ఆ ఊరి యాసని కాగితం మీద పెట్టగలడు. అలాగే "ఆదొ"తో ముగిసే మాటల్లో దకారం జారిపోతుంది: "కన్‌సాదొ" అన్నది "కన్‌సావ్", "పెస్కాదొ" అన్నది "పెఃకావ్". ఇంకో లాభం కూడా ఉంది. ఉత్తర స్పెయిన్‌లో గొంతు గీరుకుంటూ పలికే "హోత" అక్షరం ఇక్కడ మెత్తటి హకారం. మన నోటికి పండగే.

చెవి కుదరాలంటే రెండు మూడు వారాలు ఓర్చుకోవాలి. తరగతిలో అర్థమై, బస్సులో అర్థం కాకపోతే భాష రాలేదనుకుని చాలామంది గుండె జారిపోతారు. 11వ నంబరు బస్సు ఎందుకు గుర్తుపెట్టుకోమన్నానంటే ఇందుకే. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టి, పక్కనున్న పెద్దవాళ్ళ మాటల్లో విసర్గలు ఎక్కడ పడుతున్నాయో వింటూ కూర్చోండి. అర్థం కోసం కాదు, ముందు శబ్దం కోసం.

ఎప్పుడు వెళ్ళాలి? సున్నా నుంచి మొదలుపెట్టడానికి విమానం ఎక్కొద్దు. యూరప్ కొలమానంలో ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు. ఎ1 ఇంట్లో పూర్తి చేయండి, ఎ2లో అడుగుపెట్టి వెళ్ళండి. వర్ణమాల, అంకెలు, వర్తమాన కాలం, సేర్ ఎస్తార్, రోజువారీ ఐదారు వందల మాటలు. వీటికోసం అక్కడ యూరోల్లో ఫీజు కట్టడం వృథా. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉంది. ఢిల్లీలో, స్పానిష్ నేర్పడానికి స్పెయిన్ ప్రభుత్వం నడిపే సెర్వాంతెస్ సంస్థ ఉంది. ఎక్కడ చదివినా నోటుబుక్కు మాత్రం రెండు గళ్ళదే ఉండాలి: ఎడమ స్పానిష్, కుడి తెలుగు. మూడో గడి వద్దు. అక్కడ తరగతిలో బోధన మొత్తం స్పానిష్‌లోనే కాబట్టి మీ మనసులో జరిగే అనువాదం ఏ భాషలోకి అన్నది పూర్తిగా మీ చేతుల్లో ఉంది.

చేరిన రోజు పెట్టే స్థాయి పరీక్షలో తెలియనివి ఊహించి రాయకండి. అదృష్టం కలిసొచ్చి పై మెట్టులో పడితే మొదటి నెలంతా మునిగిపోవడమే. వారానికి 20 గంటల కోర్సు తీసుకోండి. అంతకు తక్కువైతే చదువు వీసాకి కూడా ఇబ్బంది. మన స్థాయిలో ఉన్న జర్మన్లూ, చైనావాళ్ళూ, స్వీడన్ వాళ్ళూ విరామంలో ఇంగ్లీషులోకి జారిపోతారు. ఆ పది పదిహేను నిమిషాలే అలవాటుగా మారి సాయంత్రాలని మింగేస్తాయి. విరామంలో కౌంటర్ దగ్గరికి వెళ్ళండి, అక్కడివాళ్ళకి స్పానిషే తేలిక.

కాగితాల సంగతి. 90 రోజుల లోపైతే మామూలు షెంగెన్ వీసా, కనీసం 30,000 యూరోలకు వర్తించే ప్రయాణ బీమా. 90 రోజులు దాటితే చదువు వీసా. దీనికి నెలకి 600 యూరోల చొప్పున నిధులు చూపించాలి. స్పెయిన్ ప్రభుత్వం ప్రకటించే "ఇప్రెం" అనే సూచిక కొన్నేళ్ళుగా అక్కడే ఉంది, వెళ్ళే ఏడాది అంకె సరిచూసుకోండి. అది వీసాకి కనీసం మాత్రమే. మాలగలో అద్దెలు ఎంత మండిపోతున్నాయంటే 2024 జూన్ 29న ఊరి జనం వేలల్లో వీధుల్లోకి వచ్చారు. 600తో బతకొచ్చని లెక్క వేసుకోవద్దు. 180 రోజులు మించితే పోలీసు క్లియరెన్సు, వైద్య ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఇక్కడ వరస తప్పితే పని రెండుసార్లు. ముందు మన కాగితం విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపొస్టిల్ ముద్ర, ఆ తర్వాతే స్పానిష్ ప్రభుత్వం గుర్తించిన అనువాదకుడి అనువాదం. అపొస్టిల్ కూడా అనువాదంలోకి రావాలి కాబట్టి. ఆరోగ్య బీమా స్పెయిన్‌లో పనిచేసే కంపెనీదై, "సిన్ కొపాగొ" అని ఉండాలి, అంటే డాక్టర్ దగ్గర మన వాటా కట్టక్కర్లేనిది. 2025 మే 20 నుంచి విదేశీయుల నిబంధనలు మారాయి. కాబట్టి అంతకు ముందు తీసిన వీడియోలు చూసి, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చని ఆశ పెట్టుకోకండి. కాన్సులేట్ ప్రకటననే నమ్మండి.

ఆరు నెలలు దాటి ఉండేవాళ్ళు దిగిన నెలలోగా విదేశీయుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేయాలి. ముందు పురపాలక సంఘంలో నివాసం నమోదు చేయించుకోవాలి. దాన్ని "ఎంపద్రొనమ్యేంతొ" అంటారు. దీనికి ఒప్పుకోని ఇంటివాళ్ళు ఉన్నారు. గది చూసేటప్పుడే "మె పుయేదొ ఎంపద్రొనార్ అకీ?" అని అడగండి. ఒప్పుకోకపోతే గది ఎంత బాగున్నా వదిలేయండి. శీతాకాలం గురించి కూడా అడగండి. ఎండల ఊరు కదా అని చాలా ఇళ్ళల్లో వెచ్చదనానికి ఏర్పాట్లే ఉండవు, జనవరిలో పలకల నేల మీద పాదాలు గడ్డకడతాయి. ఇంకో మాట, నిష్ఠూరంగా అనిపించినా చెబుతున్నా. నలుగురు తెలుగువాళ్ళు కలిసి ఇల్లు తీసుకోవద్దు. పప్పూ అన్నం దొరుకుతుంది, కబుర్లు దొరుకుతాయి, స్పానిష్ దొరకదు. తెలుగు మీ నోటుబుక్కులో ఉండాలి, వంటింట్లో స్పానిష్ ఉండాలి.

పరీక్ష రాయాలంటే సెర్వాంతెస్ సంస్థ ఇచ్చే "దేలె" సర్టిఫికెట్టుకి గడువు ఉండదు, "సియేలె" అనే ఇంకో పరీక్ష సర్టిఫికెట్టుకి ఐదేళ్ళు. దేలె బి1లో నాలుగు పరీక్షలు, ఒక్కోదానికి 25 మార్కులు. చదవడం, రాయడం ఒక జట్టు. వినడం, మాట్లాడడం ఇంకో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 రావాలి. మన చదువులన్నీ కాగితం మీదే కాబట్టి మొదటి జట్టులో 45 తెచ్చుకుని, రెండోదాంట్లో 28 దగ్గర ఆగి తప్పేవాళ్ళు మనలో ఉండే అవకాశం ఎక్కువ. మొత్తం 73 వచ్చినా ఫెయిలే. కాబట్టి రోజుకి రెండు గంటలు చదివే ఓపిక ఉంటే అందులో ఒకటి చెవికీ నోటికీ ఇవ్వండి.

ఆ నోటికి బడి కాఫీ కౌంటరు, చేపల బజారు. మాలగలో ఊరికే కాఫీ అని అడిగితే చాలదు. ఎంత డికాక్షన్, ఎన్ని పాలు అన్నదాన్ని బట్టి ఒక్కో గ్లాసుకి ఒక్కో పేరు. పాలే లేనిది "సోలొ", ఎక్కువ డికాక్షన్ "లార్గొ", సగం సగం "మితాద్", ఇంకా తగ్గితే "కోర్తొ", మరీ తగ్గితే "సోంవ్ర" అంటే నీడ, పాలలో చుక్క పడితే "నూవె" అంటే మబ్బు. ఈ కొలతల బొమ్మని గోడ మీద పలకల్లో వేయించి పేరు తెచ్చిన కఫే సెంత్రాల్ 2022లో మూతపడింది గానీ పేర్లు ఊరంతా బతికే ఉన్నాయి. "మితాద్" అన్నది స్త్రీలింగం, అయినా "ఉన్ మితాద్" అనే అడుగుతారు, వెనక కఫే అనే పుంలింగం దాగి ఉంది కాబట్టి. లింగం గురించి పది పేజీల పాఠం ఆ ఒక్క గ్లాసులో ఉంది.

శాకాహారులు ఒకటి గమనించాలి. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని, కానీ పందిమాంసపు సన్నటి ముక్కలనీ, ట్యూనానీ చాలామంది ఆ లెక్కలో వేయరు. "యేవ హమోన్? యేవ అతూన్?" అని పేరు పెట్టి అడగాలి. వంకాయని చక్రాలుగా కోసి వేయించి చెరుకుపాకం పోసి ఇచ్చేది ఒకటుంది, బాదంపప్పు, వెల్లుల్లి రుబ్బి చేసే చల్లటి "అహొవ్లాంకొ" ఇంకొకటి. రెండూ ధైర్యంగా తినొచ్చు.

చేపలు తినేవాళ్ళు అతరసానస్ బజారుకి వెళ్ళండి. అక్కడ చాలా కొట్ల ముందు వరస కనిపించదు, జనం ఎవరికి తోచిన చోట వాళ్ళు నిలబడి ఉంటారు. కానీ వరస ఉంది, మాటల్లో ఉంది. వెళ్ళగానే "క్యేన్ ఎస్ ఎల్ ఊల్తిమొ?" అనాలి, చివరివాళ్ళెవరు అని. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, వాళ్ళ తర్వాత మీరు. మీ తర్వాత వచ్చినవాళ్ళు అడిగితే మీరు చెయ్యెత్తాలి. ఈ మాట అడగకపోతే ఎంతసేపు నిలబడినా మీ వంతు రాదు. ఇక తూకం: "క్వార్తొ ఇ మితాద్ దె బొకెరోనెస్." పావు, దానిలో సగం. అంటే పావుకిలో మీద అరపావు, 375 గ్రాములు. గ్రాముల్లో అడిగితే ఇస్తారు, కానీ ఇలా అడిగితే అమ్మేవాళ్ళు తలెత్తి చూస్తారు. పొట్లం కట్టి "అల్గొ మాః?" అంటారు, ఇంకేమైనానా అని. "నాద మాః" అనండి, విసర్గతోనే.